బంగారు గని అడుగున మ్యువాన్ల లెక్క

పుత్తూరు పేరు చెబితే జనానికి ముందుగా గుర్తొచ్చేది విరిగిన ఎముకలకు వేసే కట్టు. కణభౌతికశాస్త్రం ఈ పక్కకు ఎప్పుడైనా వచ్చిందా అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ పుత్తూరు నుంచి పడమటి దారి పట్టి చిత్తూరు, పలమనేరు, వి.కోట దాటితే రాష్ట్ర సరిహద్దుకు అవతలి అంచునే కోలారు బంగారు గనులున్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన ప్రాంతం ఉత్తర ఆర్కాటులో ఉండేది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారులో అడుగుపెట్టిన తరువాత ఆ జిల్లా నుంచి వేలమంది పని కోసం గనులకు తరలిపోయారు. గని కార్మికుల నివాస లైన్లలో కన్నడం కన్నా తమిళం, తెలుగే ఎక్కువగా వినిపించేవి. బంగారపు రాతి పట్టీ కూడా సరిహద్దు దగ్గర ఆగలేదు. కుప్పం పక్కన బిసానత్తం, చిగురుగుంట దాకా సాగింది, అక్కడా తవ్వకాలు జరిగాయి. ఈ గనుల గురించి చరిత్ర రెండు సంగతులే గుర్తుపెట్టుకుంది. ఒకటి బంగారం, రెండోది 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ దొరకడం. రెండోదాన్నీ మనం బంగారం కథలాగే చెప్పుకుంటాం: లోతుకు దిగారు, వెతికారు, దొరికింది. నాకు ఆ కథతో పేచీ ఉంది. కోలారులో జరిగిన పనిలో వెతకడం కన్నా కట్టడం ఎక్కువ. ఇవాళ యాక్సిలరేటర్ల దగ్గర మ్యువాన్ పుంజాలకు పరికరాలు, సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల పనికి ఆధారమైన సూత్రాలన్నీ, యాక్సిలరేటరే లేని ఆ చోట, రాతినే పరికరంలో భాగం చేసుకుని, ముందే అమలయ్యాయి.

మ్యువాన్ ఎలక్ట్రాన్ జాతి కణమే, కాకపోతే దానికన్నా 207 రెట్లు బరువు. సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. 1936–37లో కార్ల్ ఆండర్సన్, సెత్ నెడర్‌మేయర్ దాన్ని కాస్మిక్ కిరణాల్లో గుర్తించారు. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ప్రోటాన్లు పై గాలిని ఢీకొంటే పయాన్లు పుడతాయి. పయాన్లు విడిపోతే మ్యువాన్లు, వాటితోపాటు దేన్నైనా దాదాపు అడ్డు లేకుండా దాటిపోయే న్యూట్రినోలు. నేలమీద చాపి ఉంచిన అరచేతిలోంచి ఇంచుమించు సెకనుకో మ్యువాన్ దూసుకుపోతూనే ఉంటుంది. యాక్సిలరేటర్‌లో జరిగేదీ ఇదే వరుస. గాలికి బదులు లోహపు ముక్కను ప్రోటాన్లతో కొడతారు, పుట్టిన పయాన్లను కొంత దూరం పోనిచ్చి మ్యువాన్లు కానిస్తారు, అక్కర్లేనివాటిని మందపాటి అడ్డుతో ఆపుతారు, మిగిలినవాటిని పరికరంతో పట్టుకుంటారు. 1962లో బ్రూక్‌హేవెన్‌లో లెడర్‌మన్, ష్వార్ట్జ్, స్టైన్‌బెర్గర్ చేసిన ప్రయోగంలో ఆ అడ్డు పదమూడున్నర మీటర్ల మందం ఉన్న ఉక్కు గోడ. పాత యుద్ధనౌకల తుక్కు నుంచి తెచ్చిన పలకలతో పేర్చారు. న్యూట్రినోలు తప్ప మిగతావన్నీ ఆ గోడలో ఆగిపోగా, అవతల పది టన్నుల స్పార్క్ చాంబర్‌లో కొత్తగా పుట్టిన మ్యువాన్ల గీతలు కనిపించాయి. న్యూట్రినోలు ఒక రకం కాదు, రెండు రకాలని అప్పుడే తేలింది. 1988లో నోబెల్ వచ్చింది. ఆ ఉక్కు గోడ చేసిన పనిని కోలారులో రెండు కిలోమీటర్లకు పైబడిన రాయి చేసింది. మూలం, వడపోత, గుర్తింపు, నిర్ణయం అనే ఈ నాలుగు అంగాల అమరికే పుంజపు ప్రయోగమైతే, కోలారులో నాలుగూ ఉన్నాయి. మూలం మాత్రం ఎవరి అదుపులోనూ లేదు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

కథ 1951లో మొదలైంది. 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించిన హోమీ భాభా, అక్కడి యువ పరిశోధకుడు బి.వి. శ్రీకంఠన్‌ను కోలారుకు పంపి, లోతుకు పోయేకొద్దీ మ్యువాన్లు ఎలా తగ్గుతాయో కొలవమన్నాడు. శ్రీకంఠన్ చేతిలో ఉన్నవి గైగర్ గొట్టాలు, వాటిని కలిపే వాల్వు సర్క్యూట్లు. గొట్టం తనంతట తాను నమ్మదగినది కాదు. రాతిలోని సహజ రేడియోధార్మికత వల్ల, తేమ వల్ల, ఒక్కోసారి ఏ కారణమూ తెలియకుండానే టక్కుమంటుంది. అందుకే గొట్టాలను ఒకదాని కింద ఒకటి పేర్చి, అన్నీ ఒకే క్షణంలో మోగితేనే లెక్కలోకి తీసుకునేలా తీగలు కలిపారు. ఇప్పుడు ప్రయోగశాలల్లో ట్రిగ్గర్ అంటున్నది దీన్నే: ఏది నమోదు చేయాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాన్ని మనిషి లేకుండా పరికరానికే అప్పగించడం. నేడు ఆ నిర్ణయంలో చాలా భాగం ప్రోగ్రాముల చేతికి వచ్చింది; ఆనాడు అది తీగల అల్లికలో ఉండేది. దేశంలో ఈ సర్క్యూట్లు అమ్మే దుకాణం లేదు. టాటా సంస్థలోనే ఎలక్ట్రానిక్స్ తయారీ విభాగం పెట్టుకోవాల్సి వచ్చింది. దాన్ని పెంచి పోషించినవాళ్లలో ముఖ్యుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఆయన కూడా భాభా దగ్గర కాస్మిక్ కిరణాల పనితోనే మొదలుపెట్టాడు. 1956లో అప్సర రియాక్టరు నియంత్రణ పరికరాలు, 1967లో హైదరాబాదు ఈసీఐఎల్, 1969లో ఆ సంస్థ బయటపెట్టిన టీడీసీ-12 కంప్యూటర్, ఇవన్నీ ఆ తయారీ విభాగపు కొమ్మలే. హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ బస్సెక్కే వాళ్లలో ఎంతమందికి ఆ పేరు వెనక కాస్మిక్ కిరణాలు ఉన్నాయని తెలుసో నాకు అనుమానమే.

1960ల మొదట్లో పని ముదిరింది. ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్‌ల బృందంలో పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, జపాన్‌లోని ఒసాకా నుంచి వచ్చిన సబురో మియాకే చేరారు. మియాకే, నరసింహం, రమణమూర్తి 1964లో ప్రచురించిన పత్రంలో 800 నుంచి 8,400 మీటర్ల నీటికి సమానమైన లోతుల దాకా మ్యువాన్ల లెక్క ఉంది. నీటితో కొలవడం ఎందుకంటే మ్యువాన్‌ను ఆపేది దూరం కాదు, దారిలో ఉన్న పదార్థం. ఇక్కడ కోలారు రాయి ప్రత్యేకత బయటపడుతుంది. భౌతికశాస్త్రులు లెక్కలకు ప్రమాణంగా తీసుకునే రాయి నీటికన్నా 2.65 రెట్లు బరువు. కోలారు రాయి మూడు రెట్లకు పైనే. అందువల్ల 2,760 మీటర్ల లోతు అక్కడ సుమారు 8,400 మీటర్ల నీటికి సమానం. ప్రామాణిక రాతిలో అదే లోతు సుమారు 7,300 మాత్రమే. పైగా బరువైన మూలకాల పాలు ఎక్కువ కావడంతో అధిక శక్తి మ్యువాన్లు ఆ రాతిలో మరింత త్వరగా నీరసిస్తాయి. అంటే వడపోత గుణం లోతుతో పాటు రాతి రసాయనంలోనూ ఉంది. దాని సాంద్రత, కూర్పు తెలియనిదే మ్యువాన్ల లెక్కకు అర్థం లేదు. ఇవాళ జియాంట్-4 లాంటి సాఫ్ట్‌వేర్‌తో మ్యువాన్ ప్రయోగాన్ని కంప్యూటర్‌లో ముందే నడిపి చూసుకునేవాళ్లు మొట్టమొదట నింపే వివరమూ అదే: దారిలో ఏ పదార్థం, ఎంత మందం, ఏ కూర్పు.

ఆ 2,760 మీటర్ల మట్టంలో పరికరం రెండు నెలలు నడిచింది. ఒక్క మ్యువాన్ కూడా నమోదు కాలేదు. నా దృష్టిలో కోలారు చరిత్రలో అతి ముఖ్యమైన అంకె ఈ సున్నానే. పరికరం చెడిపోయినా సున్నానే వస్తుంది. రాయి తన పని పూర్తిగా చేసినా సున్నానే. రెండింటికీ తేడా చెప్పగలిగినప్పుడే సున్నా ఫలితమవుతుంది. పై మట్టాల్లో ఒక్కోచోట మ్యువాన్లను లెక్కించి, లోతుతోపాటు అవి క్రమంగా తగ్గుతున్న వక్రరేఖ గీసుకున్నారు కాబట్టే అడుగున దొరికిన సున్నాను నమ్మగలిగారు. అది నమ్మదగినదైన క్షణంలోనే ఇంకో ద్వారం తెరుచుకుంది. ఆకాశం నుంచి నేరుగా వచ్చే మ్యువాన్లు ఆగిపోయిన చోట ఇక ఏదైనా మ్యువాన్ కనిపిస్తే, అది చుట్టూ ఉన్న రాతిలోనే న్యూట్రినో ఢీకొట్టి పుట్టించినదై ఉండాలి.

1965 నాటి పరికరం ఈ తర్కం నుంచే పుట్టింది. టాటా సంస్థ, ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం కలిసి చాంపియన్ రీఫ్ గనిలో హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర, సుమారు 2,300 మీటర్ల లోతున దాన్ని నిలబెట్టాయి. అంతకు ముందు లెక్కించే పలకలను పడుకోబెట్టేవారు. ఇప్పుడు కణం దాటితే మెరిసే సింటిలేటర్ పలకలను ఎదురెదురు గోడల్లా నిలబెట్టారు. కారణం సులువు. వడపోతను తప్పించుకుని దిగే కొద్దిపాటి మ్యువాన్లు దాదాపు నిట్టనిలువుగా వస్తాయి, ఏటవాలు దారిలో రాయి ఇంకా ఎక్కువ కాబట్టి. న్యూట్రినోలకు రాయి అడ్డే కాదు. అవి పక్కల నుంచీ కింద నుంచీ కూడా వస్తాయి. కనుక పరికరం పక్కకు చూడాలి. రెండు గోడలూ ఒకే క్షణంలో మెరిస్తే అధిక వోల్టేజి తరంగం నియాన్ గొట్టాల వరుసలకు అందుతుంది, కణం దాటిన గొట్టాలు మాత్రమే వెలుగుతాయి, కెమెరా ఫొటో తీస్తుంది. కోణం, దారి ఆ ఫొటో నుంచి చేత్తో కొలవాల్సిందే. ఫలితం 1965 ఆగస్టు 15 నాటి ఫిజిక్స్ లెటర్స్ సంచికలో అచ్చయింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో పనిచేస్తున్న ఫ్రెడరిక్ రైన్స్ బృందం పత్రం ఆగస్టు 30న వచ్చింది. న్యూట్రినో జాడ ముందు చూసింది రైన్స్ బృందం, అచ్చు ముందు వేసింది కోలారు. ఎవరు ముందు అన్న తగాదా నాకు అంత ఆసక్తికరం కాదు. రెండు ఖండాల్లో రెండు బృందాలూ బంగారు గనులకే దిగి, పరికరాన్ని పక్కకే తిప్పిపెట్టడం అంతకన్నా ఎక్కువ చెబుతుంది: సమస్యను సరిగ్గా పెట్టుకుంటే పరికరం ఆకారం దాదాపు దానంతటదే తేలుతుంది.

ఇక్కడ యాక్సిలరేటర్ పక్షాన బలమైన అభ్యంతరం వస్తుంది. పుంజం అంటే మన చెప్పుచేతల్లో ఉండేది. శక్తి మనమే ఎంచుకుంటాం, దిశ మనమే ఎంచుకుంటాం, ఎప్పుడు వస్తుందో మనకు తెలుసు. ఆకాశం నుంచి రాలేది పుంజం ఎలా అవుతుంది? తేడా చిన్నదేమీ కాదు. బ్రూక్‌హేవెన్ ప్రయోగం నెలల తరబడి సాగినా, యంత్రం తూటాలు వదిలిన క్షణాల్లోనే పరికరం కళ్లు తెరిచేది. ఆ క్షణాలన్నీ కూడితే ఆరు సెకన్లు కూడా లేవు. ఆ ఆరు సెకన్లకు బయట ఏది మోగినా పట్టించుకోనక్కర్లేదు. కోలారు పరికరానికి ఆ సౌఖ్యం లేదు, రాత్రీ పగలూ కళ్లు తెరిచే ఉండాలి. కానీ ఈ తేడా నా వాదనను బలహీనపరచడం లేదు. గడియారం సాయం లేని చోట కాలాన్ని కోసి వేరు చేసే భారమంతా సర్క్యూట్ల మీద పడింది, దిశను ఎంచే భారం పలకల అమరిక మీద, శక్తిని ఎంచే భారం రాతి మీద పడింది. పుంజాన్ని అదుపు చేయలేనివాడు వడపోతను, నిర్ణయాన్ని మరింత కచ్చితంగా కట్టుకోక తప్పదు. యాక్సిలరేటర్ల దగ్గరా ఇదే జరుగుతోంది: పుంజం తీవ్రత పెరిగేకొద్దీ అక్కర్లేని కణాలూ పెరిగి, మళ్లీ అదే తూర్పారబట్టే పని ట్రిగ్గర్ మీదికి, సాఫ్ట్‌వేర్ మీదికి వచ్చి చేరుతోంది.

రెండో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. శాస్త్రవేత్తలు బొంబాయివాళ్లు, డరమ్‌వాళ్లు, ఒసాకావాళ్లు. ఈ నేలకు ఇందులో ఏం వాటా? గని అద్దెకిచ్చిన ఇల్లు లాంటిదేగా? పత్రాల్లో గని కూలీల పేర్లు లేవన్నది నిజం, ఆ లోటును ఇప్పుడు ఎవరూ పూడ్చలేరు. అయినా గనిని ఖాళీ గదిగా చూడడం పొరపాటు. 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్తు సుమారు 150 కిలోమీటర్ల తీగ మీద కోలారుకు చేరింది. అంత లోతున రాయి బాగా వేడిగా ఉంటుంది; గాలి తోలకపోతే మనిషే నిలవలేడు, ఇక వాల్వు సర్క్యూట్లు ఎంత? రాతి ఒత్తిడికి సొరంగాలు పేలిపోయే రాక్‌బర్స్ట్‌లు కోలారులో మామూలు. ఎక్కడ తవ్వితే గది నిలుస్తుందో, ఏ మూల గోడకు ఎంత దన్ను పెట్టాలో చెప్పగలిగింది తరాలుగా అక్కడ పనిచేసినవాళ్లే, వాళ్లలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. సీసపు పలకలు, గాజు గొట్టాలు, ఇనుప చట్రాలు షాఫ్ట్‌లో దిగే పంజరం (కేజ్)లో పట్టే కొలతల్లో ముక్కలుగా దిగి, కిందే ఒక్కటయ్యాయి. పరికరం కొలతలను నిర్ణయించింది సిద్ధాంతం ఒక్కటే కాదు, షాఫ్ట్ వెడల్పు కూడా. యాక్సిలరేటర్ కేంద్రంలో సివిల్ ఇంజినీర్లు, శీతలీకరణ నిపుణులు, విద్యుత్ విభాగం చేసే పనిని కోలారులో గని చేసింది. ఒకచోట దాన్ని ప్రయోగంలో భాగమని జీతం ఇచ్చి చెప్పుకుంటాం, ఇంకోచోట ఆతిథ్యమని సరిపెట్టుకుంటాం. ఆ వ్యత్యాసానికి నాకు న్యాయమైన కారణం కనిపించదు.

కోలారు నుంచి వచ్చిన తీర్మానాలు కొన్ని నిలవలేదన్న మూడో అభ్యంతరానికి మాత్రం నేను చాలావరకు లొంగుతాను. 1970ల్లో ఆ న్యూట్రినో పరికరాల్లో, రాతికీ పరికరానికీ మధ్య గాలిలోనే ఏదో విడిపోయినట్టు, ఒక బిందువు నుంచి చీలిన గీతలు కొన్ని కనిపించాయి. వాటికి కోలారు సంఘటనలని పేరొచ్చింది. 1975లో కొత్త కణం ఉందేమోనన్న ప్రతిపాదన వెలువడింది. యాక్సిలరేటర్ పుంజాల్లో వెతికితే అది దొరకలేదు. 1980లో మొదలైన ప్రోటాన్ క్షయ ప్రయోగంలోనూ అంతే. పది సెంటీమీటర్ల చదరపు ఇనుప గొట్టాలను 34 వరుసలుగా పేర్చి, 140 టన్నుల పరికరం కట్టి, ప్రోటాన్ విడిపోయిందేమో అనిపించే కొన్ని సంఘటనలు చూపారు. అమెరికాలో ఐఎంబీ, జపాన్‌లో కమియోకాండే వేల టన్నుల నీటితో ఆ ఆశను కొట్టిపారేశాయి. అదుపులేని మూలం, కొద్దిపాటి సంఘటనలు, ఆశతో చూసే కళ్లు, ఈ మూడూ కలిస్తే ఏం జరుగుతుందో ఇవి చూపిస్తాయి. ఇటీవల ఫెర్మీల్యాబ్‌లో మ్యువాన్ అయస్కాంత గుణాన్ని కొలిచిన జీ-మైనస్-టూ ప్రయోగంలో పరికరపు గడియారం అసలు వేగాన్ని లెక్కలు కట్టేవాళ్లకే తెలియనివ్వలేదు. బృందంతో సంబంధం లేనివాళ్ల దగ్గర ఆ అంకె దాచి, విశ్లేషణ అంతా ముగిశాకే బయటపెట్టారు. తన ఆశ నుంచి తనను కాపాడుకునే ఇలాంటి కట్టుబాటు కోలారు సంఘటనల కాలానికి ఇంకా అలవాటు కాలేదు. అయితే ఇది తీర్మానాల మీద తీర్పు, పరికరం మీద కాదు. లోతు విషయంలో కోలారు ఐఎంబీ, కమియోకాండేల కన్నా ముందుంది, పరిమాణంలో వెనకబడింది. 1998లో సూపర్ కమియోకాండే న్యూట్రినోలు రకం మార్చుకుంటాయని తేల్చింది, కోలారులో మొదట పట్టిన ఆ వాతావరణ న్యూట్రినోలతోనే; కాకపోతే 50,000 టన్నుల నీటితో.

పరికరం విలువను దాని మరణానంతర జీవితంతో కూడా కొలవచ్చు. 1990ల మొదట్లో గని ప్రయోగాలు ఆగాయి; 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. కానీ ప్రోటాన్ క్షయ ప్రయోగంలో వాడిన ఆ ఇనుప గొట్టాలు (ప్రపోర్షనల్ కౌంటర్లు) తుక్కులోకి పోలేదు. ఊటీకి చేరి గ్రేప్స్-3 ప్రయోగపు మ్యువాన్ టెలిస్కోపులో భాగమయ్యాయి. ఆరు మీటర్ల పొడవున్న గొట్టాలు 3,712, విస్తీర్ణం 560 చదరపు మీటర్లు, రోజుకు సుమారు 400 కోట్ల మ్యువాన్ల లెక్క. కోలారులో వదిలించుకోవాలని రెండు కిలోమీటర్ల లోతుకు దిగి పారిపోయిన ఆ మ్యువాన్లనే ఇక్కడ కొండెక్కి ఏరుకుంటున్నారు. 2014 డిసెంబరులో ఊటీ మీదికొచ్చిన ఒక ఉరుముల మేఘంలో 130 కోట్ల వోల్టుల విద్యుత్ పీడనం ఉందని మ్యువాన్ల లెక్కలో వచ్చిన స్వల్ప తగ్గుదలను బట్టి తేల్చారు. 2019లో అది ప్రచురితమైంది. గొట్టం అదే, వాయువు నింపే పద్ధతి ఇంచుమించు అదే. మారింది దేన్ని సంకేతం అనాలి, దేన్ని రొద అనాలి అన్న నిర్ణయం. ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్‌లో జరిగింది.

ఈ వారసత్వం పుంజాల దగ్గరికి కూడా నడిచింది. టాటా సంస్థవాళ్లు ఫెర్మీల్యాబ్ డీ-జీరో ప్రయోగానికి మ్యువాన్లను గుర్తించే సింటిలేటర్లు కట్టారు. సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగపు మ్యువాన్ వ్యవస్థకు భాభా అణు పరిశోధన కేంద్రం, పంజాబ్ విశ్వవిద్యాలయం రెసిస్టివ్ ప్లేట్ చాంబర్లు అందించాయి. కోలారు మూతపడ్డాక దాని స్థానంలో తలపెట్టిన భారత న్యూట్రినో వేధశాలకు కూడా అదే రకం చాంబర్లను, గాజు పలకలతో, ఎంచారు. తమిళనాడులోని తేని జిల్లా కొండ కింద 50,000 టన్నుల అయస్కాంతిత ఇనుముతో దాన్ని కట్టడానికి 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం అనుమతిచ్చింది. స్థానిక వ్యతిరేకత, అనుమతుల వివాదాల మధ్య పని ఆగిపోయింది. నడుస్తున్నది మదురైలోని 85 టన్నుల చిన్న నమూనా, అదీ నేలమీద, మ్యువాన్ల జడివానలో. అక్కడి నుంచే ఇంకో ఆలోచన బయలుదేరింది: కిలోమీటరు రాయి దొరకకపోతే వంద మీటర్ల రాయితో సరిపెట్టుకుని, మిగతా తొమ్మిది వందల మీటర్ల పనిని పరికరం చుట్టూ కట్టిన సింటిలేటర్ గోడలకు, వాటి వెనకున్న ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించలేమా? అలా జరగాలంటే బయటి నుంచి వచ్చే మ్యువాన్లలో 99.99 శాతాన్ని ఆ గోడలు గుర్తుపట్టాలి, అంటే పదివేలలో ఒకటికి మించి జారిపోకూడదు. మదురై నమూనా చుట్టూ ఆ గోడలు కట్టి పరీక్షించడానికి పూనుకున్నారు.